టేకు సింహద్వారానికి ఎండకూ వానకూ ఆగే పాలిష్: పాత పొర తీయడం నుంచి ఏటా చూసుకోవడం దాకా

టేకు సింహద్వారం చేయించేటప్పుడు చెక్క మందం, చెక్కడం పని, ఇత్తడి సామాను గురించి అందరూ గట్టిగానే అడుగుతారు. పాలిష్ దగ్గరకొచ్చేసరికి "బాగా మెరవాలి" అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తారు. రెండు మూడు ఎండాకాలాలు గడిచేసరికి పడమటి తలుపు పెచ్చులు లేస్తుంది, కింద జానెడు మేర నల్లబడుతుంది, వానాకాలం రాగానే గడపకు రాసుకుంటుంది.

తలుపు ముఖం మీద ఎన్ని కోట్లు వేసినా నీళ్లు చెక్కలోకి వెళ్లే దారి వేరే ఉంది. ఎవరికీ కనపడని కింది అంచు, పై అంచు, తాళం కోసం తొలిచిన గాడి, గడప నేలను తాకే చోటు. ఈ నాలుగు చోట్లా సీలు చేయకపోతే ఎంత ఖరీదైన పాలిష్ అయినా లోపలి నుంచే లేచిపోతుంది. అందుకే ఈ వ్యాసంలో అంచులకూ గడపకూ విడిగా చోటిచ్చాం.

ఇది ఎండ, వాన జల్లు తగిలే వీధి తలుపుకు. లోపలి గదుల తలుపులకు ఇంత పని అక్కర్లేదు.

## 1. ముందు తలుపు పరీక్ష

డబ్బాలు కొనకముందే ఇవి చేయండి. పావుగంట పని.

• నీటి చుక్క: తలుపు కింది భాగంలో తడి వేలితో నాలుగైదు చుక్కలు అంటించి కాసేపు చూడండి. చుక్క ఉబ్బెత్తుగా నిలిస్తే పొర ఇంకా ఉన్నట్టు. చెక్క నల్లబడి పీల్చుకుంటే పోయినట్టు.
• స్పిరిట్ దూది: లోపలివైపు కనపడని మూలలో రుద్దండి. జిగటగా కరిగితే అది లక్క పాలిష్. కరగకపోతే అక్కడే తిన్నర్‌తో రుద్దండి. మెత్తబడితే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్. దేనికీ చలించకపోతే మెలమైన్ లేదా పీయూ (పాలీయూరిథేన్).
• టేపు: ఎండ బాగా పడే చోట మాస్కింగ్ టేపు గట్టిగా అతికించి ఒక్కసారి లాగండి. టేపుకు పెచ్చులు అంటుకొస్తే పాత పొర మొత్తం తీయాల్సిందే.
• చెదలు: గుమ్మం రెండు కాళ్లనూ నేల నుంచి రెండడుగుల ఎత్తు వరకు స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. డొల్ల శబ్దం వచ్చినా, మట్టి గీతలు కనపడినా ముందు చెదల మందు కొట్టించండి.

మెరుపు మాత్రమే తగ్గి, నీటి చుక్క నిలుస్తూ, టేపుకు ఏమీ అంటకపోతే అంతా గోకొద్దు. నేరుగా 12వ భాగంలోని పైకోటు సరిపోతుంది.

ఇంకో మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో విజయవాడ సింగ్‌నగర్ వైపు ఎన్నో ఇళ్ల తలుపులు నీళ్లలో నానాయి. అలా నానిన తలుపైతే పలకలకూ చట్రానికీ మధ్య గాడుల్లో ఎండిన ఒండ్రు ఉంటుంది. దాన్ని వెదురు పుల్లతో, బ్రష్‌తో పూర్తిగా తీయండి. తేమ మీటరు దొరికితే కింది చట్రంలో 14 శాతం లోపు చూపించాకే పని మొదలెట్టండి. పైకి ఎండినట్టున్నా కూసాల్లో (చట్రం ముక్కలు ఒకదాన్లో ఒకటి దిగే చోట) తేమ ఉండిపోతుంది.

## 2. ఏ నెలల్లో చేయాలి

మన దగ్గర మంచి కాలం డిసెంబరు మధ్య నుంచి మార్చి మధ్య వరకు. జూన్ నుంచి నైరుతి వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. డిసెంబరు మొదట్లో కూడా నమ్మకం తక్కువే. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న.

ఏప్రిల్, మే నెలల్లో చెక్క ముట్టుకుంటే కాలేంత వేడెక్కుతుంది. అప్పుడు పాలిష్ పైన ముందే ఆరిపోయి, లోపలి తిన్నర్ ఆవిరి బుడగలుగా తేలుతుంది.

జనవరిలో మంచు కురిసే ఉదయాలు ఉంటాయి కాబట్టి పదింటికి ముందు, నాలుగింటి తర్వాత కోటు వేయకండి. తూర్పు తలుపుకు మధ్యాహ్నం, పడమటి తలుపుకు ఉదయం పది నుంచి పన్నెండు మధ్య అనుకూలం. ఎప్పుడైనా చెక్క నీడలో ఉండాలి.

సంక్రాంతికి తోరణం కట్టాలనుకుంటే చివరి కోటు డిసెంబరు 25 కల్లా పడిపోవాలి. ముట్టుకుంటే ఆరినట్టు అనిపించినా పొర పూర్తిగా గట్టిపడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది.

## 3. ఏ పాలిష్ ఎంచుకోవాలి

లక్క పాలిష్: చపడా లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో వేసేది. అందంగా ఉంటుంది గానీ నీరు తగిలితే తెల్లబడుతుంది. వీధి తలుపుకు వద్దు.

మెలమైన్: లోపలి ఫర్నిచర్‌కు మంచిది. ఎండకు పగుళ్లిస్తుంది. బయటకు వద్దు.

ఒకే డబ్బా పీయూ: బ్రష్‌తో ఇంట్లో వేసుకోవచ్చు. డబ్బా మీద బయటి వాడకానికి, ఎండ కిరణాలను అడ్డుకుంటుంది అని స్పష్టంగా రాసి ఉండాలి. ఒకే కంపెనీ ఇదే పేరుతో లోపలి రకం కూడా అమ్ముతుంది, చూసి కొనండి. సొంతంగా చేసుకునేవాళ్లకు మా సలహా ఇదే.

2కే పీయూ: గట్టిపరిచే ద్రవం వేరే డబ్బాలో వస్తుంది. చాలా గట్టి పొర. కానీ కలిపాక కొన్ని గంటల్లోనే వాడేయాలి, స్ప్రే గన్ కావాలి, దాని ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. అనుభవమున్న పాలిష్ మేస్త్రికే వదిలేయండి.

అవిసె నూనె లాంటి నూనెలు: పెచ్చులు లేవవు, మళ్లీ రాయడం తేలిక. కానీ పడమటి ఎండకు ఏడాదికి రెండు మూడుసార్లు రాస్తూనే ఉండాలి. ఆ ఓపిక ఉంటేనే.

మెరుపు విషయంలో సాటిన్ (మెరుపు తక్కువ రకం) తీసుకోండి. గ్లాసీ మొదట్లో కళ్లు చెదిరేలా ఉంటుంది గానీ ప్రతి గీతా, ప్రతి వేలిముద్రా చూపిస్తుంది.

## 4. కావాల్సిన సరుకు

ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు తలుపు, రెండు వైపులా, గుమ్మంతో కలిపి సుమారు 70 చదరపు అడుగులు. చెక్కడం ఎక్కువుంటే పావు వంతు కలపండి. లీటరు పీయూ ఒక కోటుకు సుమారు 100 చదరపు అడుగులు వస్తుంది. డబ్బా మీది లెక్కతో ఒకసారి సరిచూసుకోండి.

☐ బయటి రకం పీయూ: రెండున్నర లీటర్లు (మూడు కోట్లు, అంచులకూ గడపకూ అదనం కలిపి)
☐ అదే కంపెనీ పీయూ తిన్నర్: 1 లీటరు
☐ వుడ్ స్టెయిన్ (చెక్కకు రంగు పట్టించే ద్రవం): అర లీటరు
☐ పెయింట్ రిమూవర్: 2 లీటర్లు
☐ గరుకు కాగితం: 80, 120, 180, 320 నంబర్లు, ఒక్కోటి ఆరేడు షీట్లు
☐ రెండంగుళాల మంచి బ్రష్‌లు రెండు, చెక్కడానికి అరంగుళం బ్రష్
☐ స్క్రేపర్, నైలాన్ బ్రష్, పాత పళ్ల బ్రష్‌లు, వెదురు పుల్లలు
☐ టేకు రంగు వుడ్ ఫిల్లర్, మాస్కింగ్ టేపు
☐ పాత నూలు పంచె గుడ్డ (రంగు పోనిది)
☐ రసాయనాలకు ఆగే చేతి తొడుగులు, కళ్లద్దాలు, ఆవిరిని ఆపే మాస్క్

విజయవాడ వన్‌టౌన్‌లోనో గుంటూరు పట్నంబజారులోనో కొంటే స్టెయిన్, పీయూ, తిన్నర్ మూడూ ఒకే కంపెనీవి అడిగి తీసుకోండి. "ఏదైనా ఒకటే సార్" అని ఎన్‌సీ తిన్నర్ చేతిలో పెడితే వద్దనండి. పీయూలో అది కలిస్తే పొర పాలలా మారొచ్చు, ఆరకుండా జిగటగానూ ఉండిపోవచ్చు.

## 5. తలుపు దించడం

అంగుళంన్నర మందపు నిండు టేకు తలుపు 50 కిలోల పైమాటే. ఇద్దరు మనుషులు, కింద చీలికలు పెట్టడానికి రెండు చెక్క ముక్కలు ఉండాలి. పై బందు స్క్రూలు చివర్లో విప్పండి.

వీధి తలుపు రోజుల తరబడి దించి ఉంచలేం. బయట ఇనుప గ్రిల్ ఉంటే ఇబ్బంది లేదు. లేకపోతే పగలు మాత్రమే దించి, పై, కింది అంచులకు ఆ రోజు వేయాల్సిన కోటు వేసి సాయంత్రానికి ఎక్కించేయండి. మిగతాది నిలబెట్టే చేసుకోవచ్చు.

హ్యాండిల్, గొళ్లెం, గంటలు, ఇత్తడి పువ్వులు అన్నీ విప్పి, దేని స్క్రూలు దానితో కవర్లో వేసి పేరు రాసుకోండి. ఇత్తడిని చింతపండుతో తోమాలనుకుంటే ఇప్పుడే తోమేయండి. తలుపు మీద ఉండగా తోమితే ఆ పులుపు నీళ్లు చెక్క మీద జారి చారలు పడతాయి.

## 6. పాత పొర తీయడం

రిమూవర్‌ను బ్రష్‌తో మందంగా, ఒకే దిక్కులో పూయండి. రుద్దకూడదు. రెండు మూడడుగుల మేర మాత్రమే పూసి, పొర ముడతలు పడి లేచేదాకా ఆగి, స్క్రేపర్‌తో చెక్క నార వెంట తోయండి. చెక్కడం లోతుల్లో వెదురు పుల్ల, పళ్ల బ్రష్ వాడండి. చివర్లో తిన్నర్ గుడ్డతో రెండుసార్లు తుడవండి. రిమూవర్‌లోని మైనం మిగిలితే కొత్త పాలిష్ పట్టదు.

మూడు పనులు చేయకండి:

• ఇనుప పీచుతో రుద్దడం. దాని తునకలు నారలో ఇరుక్కుని తుప్పు పట్టి, టేకు మీద నల్ల చుక్కలవుతాయి.
• కాస్టిక్ సోడా నీళ్లతో కడగడం. టేకు నల్లబడుతుంది, నార లేస్తుంది.
• గ్రైండర్‌కు సాండింగ్ డిస్క్ పెట్టి గీయించడం. గుండ్రటి గీతలు పడతాయి. స్టెయిన్ వేశాక అవే కొట్టొచ్చినట్టు కనపడతాయి.

పని నడిచే రోజుల్లో సాయంత్రం గుమ్మం దగ్గర దీపం, అగరొత్తులు పెట్టకండి. తిన్నర్ ఆవిరి నేల వెంట పాకుతుంది. దీపం ఇంట్లో దేవుడి దగ్గరే ఉంచండి.

## 7. మరకలు

నల్ల మరకలు: మేకులు, ఇనుప స్క్రూల చుట్టూ వస్తాయి. లీటరు వేడినీళ్లలో 30 గ్రాముల ఆగ్జాలిక్ ఆమ్లం కలిపి, మరక ఉన్న పలక మొత్తానికీ పూయండి. మరక మీదే పూస్తే అక్కడ తెల్ల మచ్చ మిగులుతుంది. ఆరాక మంచినీళ్ల గుడ్డతో మూడుసార్లు తుడిచి, రెండు రోజులు ఆరనివ్వండి. ఇది విషం. చేతి తొడుగులు వేసుకోండి, పిల్లలకు దూరంగా ఉంచండి, తుడవకుండా సాండ్ పేపర్ వేసి ఆ పొడి పీల్చకండి.

పసుపు మరకలు: పసుపు రంగు నీళ్లలో సరిగా కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. స్పిరిట్ దూదితో ఒత్తి తీయండి. మిగిలిన ఛాయ ఎండకు వెలిసిపోతుంది. సబ్బు, వాషింగ్ సోడా వాడితే క్షారానికి పసుపు ఎర్రబడుతుంది.

## 8. గరుకు కాగితం పని

80తో మొదలెట్టి, 120, తర్వాత 180. నంబరు దాటవేస్తే ముతక గీతలు అలాగే ఉండిపోతాయి. కాగితాన్ని చదునైన చెక్క ముక్కకు చుట్టి, ఎప్పుడూ నార వెంటే రుద్దండి. నిలువు చట్రం, అడ్డ చట్రం కలిసే మూల దగ్గర నార దిక్కు మారుతుంది. అక్కడ గీత మీద టేపు వేసి ఒక్కో ముక్కను విడిగా రుద్దాలి.

180 దగ్గర ఆపేయండి. ఇంకా నునుపు చేస్తే స్టెయిన్ చెక్కకు పట్టదు.

తర్వాత తడి పిండిన గుడ్డతో ఒకసారి తుడవండి. పడుకున్న నార లేచి నిలబడుతుంది. ఆరాక 180తో తేలిగ్గా తీసేయండి. ఈ పని మానేస్తే మొదటి కోటు తర్వాత తలుపంతా గరుగ్గా తగులుతుంది.

మేకు కన్నాలకు ఫిల్లర్ పెట్టండి. చెక్క పొడిలో ఫెవికాల్ కలిపి పూడ్చడం మామూలే గానీ, ఫెవికాల్ పూసుకున్న చోట స్టెయిన్ పట్టక తెల్లగా కనపడుతుంది. వాడాల్సి వస్తే కన్నం చుట్టూ టేపు వేయండి.

## 9. అంచులు: ఇక్కడ తొందరపడకండి

చెక్కలో నార గొట్టాల్లా నిలువుగా ఉంటుంది. తలుపు కింది అంచులో, పై అంచులో నిలువు చట్రాల గొట్టాల నోళ్లు తెరుచుకుని ఉంటాయి. ముఖం మీద కంటే అక్కడ నీళ్లు ఎన్నో రెట్లు వేగంగా ఎక్కుతాయి. పొద్దున్నే వాకిలి కడిగిన నీళ్లు, కళ్లాపి చిందులు రోజూ తగిలేది అక్కడే.

1. తలుపుకూ నేలకూ మధ్య 4–5 మి.మీ. సందు ఉందో లేదో చూడండి. లేకపోతే ఇప్పుడే చిత్రిక పట్టించండి.
2. అంచులను 320 దాకా నునుపు చేయండి. నోళ్లు కొంత మూసుకుంటాయి.
3. పీయూలో సగానికి సగం తిన్నర్ కలిపి, చెక్క ఇక పీల్చనంత వరకు పూస్తూనే ఉండండి. మొదట్లో పూసింది పూసినట్టే ఇంకిపోతుంది.
4. ఆరాక చిక్కటి పీయూ మూడు కోట్లు.
5. తాళం గాడి లోపల, బందులు కూర్చునే చోట, పీప్‌హోల్ కన్నం చుట్టూ అరంగుళం బ్రష్‌తో రెండు కోట్లు.

వానాకాలంలో తలుపు బిగిసిందని అప్పటికప్పుడు చిత్రిక పట్టించకండి. వేసవిలో చెక్క తగ్గాక సందు వదులైపోతుంది. జనవరి దాకా ఆగండి. ఎప్పుడు చిత్రిక పట్టించినా, బయటపడిన పచ్చి చెక్కకు ఆ రోజే పీయూ పూయాలి. వడ్రంగి పని అయిపోగానే తలుపు ఎక్కించేయడం వల్లే మరుసటి ఏడాది మళ్లీ బిగుస్తుంది.

## 10. స్టెయిన్

స్టెయిన్ రంగు కోసమే కాదు. అందులోని పిగ్మెంటు రేణువులు ఎండను ఆపుతాయి. బయటి తలుపుకు పిగ్మెంటు రకమే అడగండి. డై రకం మెరుగ్గా కనిపించినా ఎండకు త్వరగా వెలుస్తుంది. పడమటి తలుపుకు మరీ ముదురు వాల్‌నట్ వద్దు. ముదురు రంగు వేడిని ఎక్కువ పీల్చి కూసాలు విడుతాయి. మధ్యస్థంగా ఉండే టేకు, లేత రోజ్‌వుడ్ చాలు.

ముందు తలుపు పై అంచు మీదో, మిగిలిన టేకు ముక్క మీదో వేసి, దాని మీద పీయూ కూడా పూసి చూడండి. షాపు కార్డు మీది రంగు మీ చెక్క మీద అలాగే రాదు.

గుడ్డతో నార వెంట పూసి, మూడు నాలుగు నిమిషాల్లో పొడి గుడ్డతో అదనాన్ని తుడిచేయండి. పలక మొదలెడితే పలక పూర్తయ్యాకే ఆపాలి. మధ్యలో ఫోన్ ఎత్తితే అక్కడ గీత పడుతుంది. పలకలు ముందు, తర్వాత అడ్డ చట్రాలు, చివర నిలువు చట్రాలు. ఒక రాత్రి ఆరనివ్వండి.

స్టెయిన్, నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా పడేయకండి. ఆరే నూనె వేడి పుట్టిస్తుంది, నిప్పు దానంతటదే అంటుకోగలదు. నీళ్ల బకెట్‌లో ముంచండి, లేదా ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి.

## 11. పీయూ కోట్లు, గడప

టేకులో సహజంగా నూనె ఉంటుంది. దాని వల్ల పీయూ ఆరడం ఆలస్యమవుతుంది. అందుకే స్టెయిన్ వేయకముందే తిన్నర్ గుడ్డతో ఒకసారి తుడిచి, ఆరిన వెంటనే పని మొదలెట్టాలి. స్టెయిన్ లేకుండా వేసేవాళ్లు మొదటి పీయూ కోటుకు ముందు ఇదే చేయాలి.

• మొదటి కోటు: డబ్బా మీద చెప్పినంత తిన్నర్ కలిపి పలచగా. ఎన్‌సీ సాండింగ్ సీలర్ వాడకండి, ఎండకు అదే ముందు విడిపోయి పైపొరను లాక్కెళ్తుంది.
• రెండు, మూడు కోట్లు: మధ్యలో ఒక రాత్రి విరామం. 320తో తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచి వేయండి. మొదటి కోటు మీద మాత్రం మెల్లగా రుద్దండి, అంచుల దగ్గర రంగు లేచిపోతుంది.
• డబ్బాను ఊపకండి, కర్రతో నెమ్మదిగా కలపండి. సాటిన్ రకంలో మెరుపు తగ్గించే పొడి అడుగున ఉంటుంది. అడుగంటా కలపకపోతే తలుపు పైసగం మెరుస్తూ, కిందిసగం మసగ్గా వస్తుంది.

గడపకు నాలుగు కోట్లు. ముందువైపు ముఖమూ, నేలకు తగిలే గీతా వదలొద్దు. నేలకూ గడపకూ మధ్య సన్నటి సందును పీయూ సీలెంట్‌తో పూడ్చండి. వాకిలి కడిగిన నీళ్లు అక్కడే నిలుస్తాయి.

పది రోజులు ఆగి పసుపు రాయండి. పొర గట్టిపడ్డాక రాసిన పసుపు చెక్కలోకి దిగదు, తడిగుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది. చెంబుతో నీళ్లు కుమ్మరించి కడిగే బదులు తడిగుడ్డతో తుడిచి పసుపు కుంకుమలు పెట్టుకుంటే గడప ఎన్నో ఏళ్లు నిలుస్తుంది. ప్రమిదను ఇత్తడి పళ్లెంలో పెట్టి, తలుపుకు అడుగు దూరంలో ఉంచండి.

తోరణానికి ఏటా కొత్త మేకు కొట్టొద్దు. రెండు ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ కొక్కేలు ఒకసారి బిగించి, స్క్రూ చుట్టూ పీయూ చుక్క వేయండి.

తేడా వస్తే:

• బుడగలు: చెక్క వేడిగా ఉంది, లేదా డబ్బా ఊపారు. ఆరాక 320తో తీసి, నీడలో పలచటి కోటు వేయండి.
• పాలలా తెల్లబడటం: గాలిలో తేమ ఎక్కువ, లేదా తప్పు తిన్నర్. పొడి ఎండ ఉన్న రోజుదాకా ఆగండి. పోకపోతే ఆ పొరను రుద్ది తీసి మళ్లీ వేయాలి.
• జారిన చారలు: చెక్కడం కింద ఎక్కువ. పూసిన పది నిమిషాల్లో పొడి బ్రష్‌తో ఒకసారి లాగండి. ఆరిపోతే గట్టిపడ్డాక మాత్రమే రుద్దండి.
• మూడు రోజులైనా జిగట: టేకు నూనె లేదా రిమూవర్ మైనం. ఇంకో నాలుగు రోజులు గాలికి వదలండి. అప్పటికీ ఆరకపోతే ఆ పలక వరకు తీయక తప్పదు. దాని మీదే ఇంకో కోటు వేస్తే ఎప్పటికీ ఆరదు.

## 12. ఏటా చూసుకోవడం

ప్రతి వారం: పొడి మెత్తటి గుడ్డ. చెక్కడంలో దుమ్ముకు మెత్తటి బ్రష్. ఫినాయిల్, నేల తుడిచే ద్రవాలు తలుపుకు తగలనివ్వొద్దు.

మార్చి చివర: ఎండలు ముదరకముందు నీటి చుక్క పరీక్ష. కింది రెండడుగులు, పై అడ్డ చట్రం, తాళం చుట్టూ జాగ్రత్తగా చూడండి.

జూన్ మొదట్లో: వానలకు ముందు కింది అంచు కింద చిన్న అద్దం పెట్టి చూడండి. పచ్చి చెక్క కనపడితే ఒక కోటు.

డిసెంబరు: పడమటి, దక్షిణం తలుపులకు ఒకటి రెండేళ్లకు, నీడలో ఉన్న తూర్పు, ఉత్తరం తలుపులకు మూడు నాలుగేళ్లకు పైకోటు. తలుపంతా తడిగుడ్డతో తుడిచి, ఆరాక 320తో మెరుపు చచ్చేదాకా రుద్ది, దుమ్ము తీసి, పాత రకం పీయూనే ఒక కోటు. ఏ కంపెనీ, ఏ రకం, ఏ రంగు వాడారో తలుపు ఎక్కించిన రోజే రాసి ఫోన్‌లో ఫోటో పెట్టుకోండి.

అరచేతంత మేర ఒకటి రెండు చోట్ల మాత్రమే పెచ్చు లేస్తే అంతవరకే గోకి, అంచులను 320తో కలిపేసి, స్టెయిన్ తాకించి, ఆ పలక మొత్తానికి పీయూ వేయండి. చారెడంత చోటుకే వేస్తే అతుకు కనిపిస్తుంది. మూడో వంతుకు మించి లేచిందంటే అతుకుల పని వద్దు, 6వ భాగం నుంచి మళ్లీ మొదలెట్టండి.